బియ్యం డబ్బా వెనక కీచురాయి

మీనాకుమారి తన భర్తని "జోగులూ" అని పిలవడం మొదలుపెట్టి ఏడేళ్ళయింది. ఆ సంగతి ఆయనకి తప్ప ఇంట్లో గిన్నెలకీ చెంబులకీ కూడా తెలుసు.

పిలవడమంటే ఎదురుగా నిలబడి కాదు. పొద్దున్నే ఆయన వీధి వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉంటారు. ఈవిడ కాఫీ గ్లాసుతో వెనకనించి వస్తుంది. గుమ్మం దగ్గర ఆగి, మామూలు గొంతుతో, "ఇదిగో జోగులూ, కాఫీ తెచ్చాను. తాగి ఆ పేపరు ఇలా పడెయ్యి, నేను కూడా డిగ్రీ చదివాను" అంటుంది. పడక్కుర్చీలో చలనం ఉండదు. అప్పుడు నాలుగడుగులు ముందుకేసి, రాజమండ్రి ఇన్నీసుపేట ఆ చివరిదాకా వినబడేట్టు, "ఏమండీ! కాఫీ అండీ!" అని కేక పెడుతుంది. ఆయన ఉలిక్కిపడి, "ఆ అరుపేంటే, నెమ్మదిగా చెప్పలేవూ?" అంటారు.

జోగులు అన్నది ఆయన తల్లి పెట్టుకున్న ముద్దుపేరు. రికార్డుల్లోనూ, బజార్లోనూ ఆయన జోగేశ్వరరావు గారు. కాపరానికొచ్చిన మొదటిరోజునే అత్తగారు కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మొగుడి పేరు నోట్లోంచి వస్తే వాడి ఆయుష్షు తరిగిపోతుంది తల్లీ" అని చెప్పింది. బి.ఏ.లో ఆ సంగతి ఎక్కడా లేదు గానీ, పరీక్షించి చూడ్డానికి ఉన్నది ఒక్క మొగుడే కాబట్టి మీనాకుమారి నోరు మూసుకుంది. రేషను కార్డు దగ్గరా, ఓటర్ల లిస్టు దగ్గరా ఆయన పేరు అడిగితే కొట్టు విజిటింగు కార్డు తీసి చూపించేది.

అత్తగారు పోయి పదహారేళ్ళయింది. ఆవిడతోపాటు ఆ పిలుపూ పోయింది. ఏడేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం గోంగూర వలుస్తూ ఉంటే, "జోగులూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు" అని మీనాకుమారి నోరు జారింది. నాలుక కరుచుకుని చూస్తే, ఆయనకి వినబడలేదు. భయంభయంగా ఓ వారం ఆయన బీపీ చూపించింది. మామూలుగానే ఉంది. అప్పట్నించి ఇక అడ్డేముంది?

జోగేశ్వరరావు గారి చెవులు ఒక్కరోజున పోలేదు. ముందు ఫోను మోత పోయింది. తరవాత కుక్కరు విజిలు పోయింది. ఆ తరవాత పక్కింటి రాజరత్నం గారి గొంతు పోయింది. ఈ మూడోదానికి ఆయన పెద్దగా బాధపడ్డట్టు కనబడలేదు. ఆయనకి వినబడాలని మీనాకుమారి ఏటికేడాది గొంతు పెంచుకుంటూ వచ్చింది. దాంతో ఇంట్లో ఏ పూట ఏం కూరో, ఎవరికి అరగలేదో, కాకినాడ నించి కూతురు తేజస్వి ఫోన్లో ఏం చెప్పిందో, అన్నీ గోడ దాటి రాజరత్నం గారికి చేరిపోయేవి. "ఇవాళ మీకు బీరకాయ కదండీ, కాసిని పాలు పొయ్యండి" అని ఆవిడ గోడవతలనించే సలహా ఇచ్చేది.

ఇదంతా నవ్వుకోదగ్గ సంగతే, పోయిన కార్తీకంలో గంట గొడవ జరగకపోయి ఉంటే.

మెయిన్ రోడ్డులో వాళ్ళది ఇత్తడి సామాన్ల కొట్టు, మామగారి నాటిది. పూజ గంట కొనడానికి ఎవరొచ్చినా జోగేశ్వరరావు గారు ముందు తూకం వేసేవారు కాదు. గంటని చూపుడు వేలికి వేలాడదీసి, గోటితో ఒక్క మీటు మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మోత పూర్తిగా ఆరిపోయేదాకా కళ్ళు మూసుకునేవారు. "ఇది మీ ఇంటిది కాదండి, మీ దేవుడి గదికి మరీ పెద్ద గొంతైపోతుంది" అని దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసేవారు. పిఠాపురం నించి కూడా ఆయన చెవిని నమ్ముకుని వచ్చేవారు.

పోయిన కార్తీకంలో కొవ్వూరు పూజారి మణిశంకర్ గారు వచ్చారు. ఈయన అలవాటు ప్రకారం గంట మీటి, కళ్ళు మూసుకుని, "ఖంగుమంటోందండి, తీసుకెళ్ళండి" అన్నారు. గంటకి వెంట్రుకంత బీట ఉంది. అది జలుబు చేసిన మనిషిలా జీరగా మోగింది. మణిశంకర్ గారూ, కొట్టు చూసుకునే తమ్ముడి కొడుకు నిరంజనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నిరంజన్ ఆ గంట బల్ల కింద పెట్టేసి, వేరేది పొట్లం కట్టి ఇచ్చాడు. అయితే ఆయనకి చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు కదా. ఆ చూపులు ఆయన కంటబడ్డాయి.

మర్నాటినించి కొట్టుకెళ్ళడం మానేశారు. ఎందుకని అడిగితే "మోకాళ్ళు" అన్నారు.

ఏడాది నించీ ఆ మోకాళ్ళు పడక్కుర్చీ దిగలేదు. పొద్దున్న పేపరు, సాయంత్రం గోడ మీద బల్లి. మాట్లాడేవాళ్ళ మొహంలోకి చూడ్డం కూడా తగ్గించేశారు. ఆయన్ని మళ్ళీ ఆ కొట్లో, గంటల కింద, స్టూలు మీద చూడాలి. మీనాకుమారికి ఉన్న కోరికల్లో మిగతావన్నీ ఈ ఒక్కదాని వెనక వరసలో నిలబడ్డాయి.

తేజస్వి పోరగా పోరగా, దసరా వెళ్ళాక చెవుల డాక్టరు దగ్గరికి బయల్దేరారు. పరీక్ష చేసి మిషను అమర్చే పిల్ల పేరు శృతి. చెవుల దగ్గర ఉద్యోగం చేయబోయే పిల్లకి ఆ పేరు పెట్టిన తల్లిదండ్రుల ముందుచూపుకి మీనాకుమారి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"పేషెంటు పేరు చెప్పండి ఆంటీ."

"మా వారమ్మా."

"ఆయన పేరు?"

మీనాకుమారి బ్యాగులోంచి కార్డు తీసింది.

శృతి రెండు చెవులకీ జీడిపప్పంత మిషన్లు పెట్టి, చాలాసేపు చెప్పింది. "అంకుల్ చెవులు ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్నాయి కదండీ, బ్రెయిను వినడం మర్చిపోయింది. ఒక్కసారిగా అన్నీ వినిపిస్తే చిరాకు పడతారు. ఆయనకి వినడం సరదాగా ఉండే చప్పుళ్ళు, పాతవి, అలవాటైనవి, రోజుకోటి వినిపించండి. ముప్పై రోజులు వాడి చూడండి. నచ్చకపోతే తిరిగి తీసుకుంటాం. చేత్తో మూసినా, పైన గుడ్డ కప్పినా కీచుమంటుంది, పాడైందనుకోకండి."

ఈ ఆఖరి ముక్క చెప్పేటప్పుడు మీనాకుమారి గోడ మీదున్న చెవి బొమ్మకేసి చూస్తూ, లోపల నత్తలా ఉన్నదేమిటా అని ఆలోచిస్తోంది. కాబట్టి వినలేదు. వినికిడి లోపం ఆ గదిలో ఒక్కరికే కాదన్నమాట.

"ఇంకోటి ఆంటీ. మాట్లాడే ముందు అంకుల్‌ని పేరు పెట్టి పిలవండి. ఎవరికైనా తమ పేరే ముందు వినబడుతుంది."

"పేరు పెట్టా?"

"ఏం ఆంటీ?"

"పేర్లు పెట్టడం అలవాటేనమ్మా. పేరు పెట్టి పిలవడమే లేదు."

ఇంటికొచ్చి క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు రాయడానికి కూర్చుంది. ముప్పయ్యో రోజు లెక్కేస్తే కార్తీక పౌర్ణమి అయింది. ఈ నెల రోజుల్లో వినడానికి ఏముంటాయి? వానలు వెనకబట్టి, ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది. గాలి తేటపడి, ఎక్కడి చప్పుడో గుమ్మంలో ఉన్నట్టు వినబడే రోజులివి. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తనకి చెప్పింది ఆయనే. "ఆశ్వయుజం వచ్చిందా, చెవులు తుడుచుకుని కూర్చోవాలే" అనేవారు. ఆ మనిషి కోసం ఇప్పుడు తను జాబితా రాస్తోంది. అట్ల తద్దె, దీపావళి, కార్తీక స్నానాలు, గోదావరి మీద రైలు. కలం ఆపి కాసేపు గోడకేసి చూసింది. మిషను గనక పనిచేస్తే జోగులు సంగతేంటి? ఏడేళ్ళ స్వేచ్ఛ అది. స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళ గురించి చదువుకుంది గానీ, తన స్వాతంత్ర్యం తనే చేజేతులా మూటగట్టి ఇచ్చేసినవాళ్ళ గురించి ఎక్కడా చదవలేదు. సరే, కానీ అనుకుంది. మిషను ఆయన చెవుల్లో ఉన్నన్నాళ్ళూ నోరు కట్టేసుకోవాలని తీర్మానించింది.

మొదటి రెండ్రోజులూ ఘోరం. పాలిథిన్ సంచి చప్పుడుకి ఆయన అదిరిపడ్డారు. మిక్సీ వేస్తే పెరట్లోకి పరిగెత్తారు. "మన ఇల్లు మొదట్నించీ ఇంత గోలా?" అని అడిగారు.

"ఏడేళ్ళుగా ఆ గోల నేనొక్కదాన్నే పడుతున్నానండీ!"

"అరవకే బాబూ, వినబడుతోంది!"

మూడో రోజు అట్ల తద్దె. తెల్లవారుజామునే వీధిలో ఆడపిల్లలు లేచి, గోరింటాకు చేతులు ఒకళ్ళకొకళ్ళు చూపించుకుంటూ, ఆటలు మొదలుపెట్టారు. పూర్వం వీధికి వందమంది ఉండేవారు. ఇప్పుడు ఏడుగురు, అందులో ఇద్దరు తల్లులు. అయినా గోల సరిపడా ఉంది. ఆయన కాసేపు విని, "వీళ్ళకి బడి లేదా?" అన్నారు. మీనాకుమారి కాగితం మీద ఆ పద్దు కొట్టేసింది.

సాయంత్రం వాయనానికి అట్లు పోస్తోంది. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, తల ఓ పక్కకి వంచి, "వానొచ్చిందేంటే? బట్టలు తీశావా?" అన్నారు.

బయట చుక్క వాన లేదు. ఆవిడ ఇంకో గరిటె పిండి పెనం మీద పోసింది. సుయ్‌మంది. ఆయన మొహంలో ఏదో కదిలింది. "మళ్ళీ పొయ్యి" అన్నారు. అలా పదకొండట్ల దగ్గర ఆగాల్సింది పాతికట్లయ్యాయి. వాయనం ఇచ్చాక మిగిలినవి రాజరత్నం గారింటికి పంపితే, "ఇన్నెందుకు పోశారండీ?" అని ఆవిడ అడిగింది. "వినడానికి" అంది మీనాకుమారి.

దీపావళినాడు ఊరంతా చెవులు మూసుకుంటే, ఆయన తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ పండగలో ఆయనంత హాయిగా ఉన్నవాళ్ళు రాజమండ్రిలో లేరు.

మీనాకుమారికి ఆశ పుట్టింది. ఇంక జాబితాలో అన్నిటికన్నా పెద్దది మిగిలింది.

పెళ్ళయిన ఏడాది, ఇలాంటి కార్తీకంలోనే, ఆయన తనని గోదావరి రేవు దగ్గరికి తీసుకెళ్ళారు. అప్పుడు తనకి ఇరవై ఒక్కేళ్ళు. మెట్ల మీద కూర్చున్నారు. "కళ్ళు మూసుకో" అన్నారాయన. మూసుకుంది. చుట్టూ ఎవరూ లేరు. మొగుడు ఏదో రహస్యం చెప్పబోతున్నాడని చెవులు రిక్కించింది. పాత బ్రిడ్జి మీద రైలు ఎక్కింది. ఆ చివర కొవ్వూరు వైపు చప్పుడు చిన్నగా మొదలై, నది నడిమికొచ్చేసరికి నీళ్ళు కూడా పలుకుతున్నట్టు దడదడమని, ఈ చివరికొచ్చి ఆగింది. అప్పుడు ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఎంతో ప్రేమగా, "గూడ్సు. ఖాళీ" అన్నారు.

ఆ రాత్రి తల్లికి ఉత్తరం రాస్తూ "ఆయన చాలా మంచివారు, కాస్త వేరే రకం" అని రాసింది. కానీ ఆ తరవాత పదేళ్ళపాటు ప్రతి శరత్తులోనూ ఆ మెట్ల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఏ బ్రిడ్జి మీద ఏ రైలు వెళ్తోందో, నిండుగా ఉందో ఖాళీగా ఉందో తనూ చెప్పగలిగే స్థితికొచ్చింది. కొందరు భార్యాభర్తలు సినిమాలకి వెళ్ళేవారు.

నాగుల చవితి ముందురోజు తెల్లవారుతూనే ఆయన్ని అదే రేవుకి తీసుకెళ్ళింది. కార్తీక స్నానాలు చేసేవాళ్ళు గజగజలాడుతూ మునిగి, దేవుణ్ణి తలుచుకోబోయి "అమ్మో" అంటున్నారు. అరటి దొప్పల్లో దీపాలు వెళ్తున్నాయి. పడవ తెడ్డు నీళ్ళలో పడి లేస్తోంది. ఆయన మెట్టు మీద కూర్చుని, మిషను సర్దుకుని, కళ్ళు మూసుకున్నారు.

రైలొచ్చింది. వెళ్ళిపోయింది.

"ఏంటండీ? గూడ్సా?"

ఆయన కళ్ళు తెరవలేదు. ఇంకోటి వచ్చింది. అదీ వెళ్ళింది. కళ్ళు తెరిచేసరికి ఆ కళ్ళలో నీళ్ళున్నాయి. "రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది" అన్నారు. "ఇది వినడం కాదే. ఎవరో విని నాకు చెప్తున్నట్టుంది. గంట కూడా ఇలాగే వినబడుతుంది. ఇంక చాలు. పౌర్ణమినాడు పట్టుకెళ్ళి ఇచ్చేద్దాం."

ఇంటికి రాగానే మిషన్లు తీసి డబ్బాలో పెట్టి, ఆ డబ్బా సొరుగులో పడేశారు. మీనాకుమారి క్యాలెండరు కాగితం మడిచి పోపుల డబ్బా కింద పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసుతో గుమ్మం దగ్గర ఆగింది. పడక్కుర్చీలో వీపు ఇటు తిప్పి, ఆయన ఎప్పట్లాగే పేపరు వెనక ఉన్నారు. తలకి కొత్తగా మంకీ క్యాపు తగిలించారు. పద్దెనిమిది రోజులు కట్టేసుకున్న నోరు, ఆ వీపు చూడగానే విడిపోయింది.

"జోగులూ, కాఫీ" అంది మామూలు గొంతుతో. "తప్పు మిషనుది కాదు, నీ చెవులదీ కాదు. నువ్వు పాత బ్రిడ్జి చప్పుడు వెతుక్కున్నావు. దాని మీద రైళ్ళు ఆగిపోయి పాతికేళ్ళు దాటలా? ఆ చప్పుడు ఇంక దేవుడి చెవులతో విన్నా రాదు. నిన్నే ఈ మాట చెబ్దామనుకున్నాను. రేవులో అంతమంది మధ్య అరిచి చెప్పే మాటా ఇది?"

పేపరు కదలలేదు. నాలుగడుగులు ముందుకేసి, "ఏమండీ! కాఫీ అండీ! ఆ క్యాపేంటండీ?" అని అరిచింది.

"చలే" అన్నారు.

రాజమండ్రిలో అక్టోబరు ఆఖరున చలి అంటే ఫ్యాను మూడు మీంచి రెండుకి తిప్పడం. మనిషి చెవులు మూసేసుకుని లోకంతో తెగతెంపులు చేసుకున్నాడని మీనాకుమారికి అర్థమైంది.

సరిగ్గా ఆ వారమే ఇంట్లో కీచురాయి దూరింది.

మొదట వరండాలో వినబడింది, సన్నగా, ఉండీ ఉడిగీ. మర్నాడు వంటింట్లో, ఆయన పెరుగన్నం తింటూ ఉండగా. మూడో రోజు దేవుడి గదిలో. బియ్యం డబ్బా జరిపి వెనక చీపురుతో ఊడ్చింది. లేదు. గ్యాసు సిలిండరు కింద చూసింది. లేదు. కొట్టునించి అరటిపళ్ళు పట్టుకొచ్చిన నిరంజన్‌తో చెప్పింది.

"కార్తీకంలో మామూలే దొడ్డమ్మా, వరి చేలల్లోంచి వచ్చేస్తాయి" అన్నాడు నిరంజన్. "పెదనాన్న గారికి క్యాపెందుకూ?"

"చలట. అడక్కు."

"ఇంక కొట్టుకి రారా అయితే? నిన్న కూడా ముగ్గురు గంట కోసం వచ్చి, పెద్దాయన లేరా అని వెళ్ళిపోయారు. నాకు అన్నీ ఒకలాగే మోగుతాయి దొడ్డమ్మా."

ఈ మాట ఆయనకి చెప్పాలి. ఆయనకి వినబడాలంటే అరవాలి, అరిస్తే రాజరత్నం గారు కూడా వింటుంది, ఇది ఆవిడ వినే మాట కాదు. నిరంజన్ వెళ్ళాక, బట్టలు మడతపెడుతూ ఆయన వీపుతోనే చెప్పుకుంది.

"విన్నావా జోగులూ? వినవు. ఆ గంట సంగతి మణిశంకర్ గారు ఏనాడో మర్చిపోయారు. మొన్న బజార్లో కనబడి, మీ ఆయన కులాసానా అని అడిగారు. నిరంజన్ మర్చిపోయాడు. ఆ బీట గంట ఏడాదిగా నువ్వొక్కడివే మెడలో కట్టుకుని తిరుగుతున్నావు. ఆవుకైనా సాయంత్రం విప్పుతారు."

ఎక్కడో దగ్గర్లో కీచురాయి ఒకసారి కూసి ఊరుకుంది.

విచిత్రం ఏంటంటే, మీనాకుమారికి ఆ కీచురాయి మీద ఇష్టం కలిగింది. వెతకడం మానేసింది. ఈ కార్తీకంలో తనకి తోడుగా వినబడుతున్నది అదొక్కటే. పోపుల డబ్బా కింద కాగితం తీసి, అడుగున "కీచురాయి" అని రాసుకుంది కూడా. తనకైనా ఒకటి ఉండాలి కదా.

కార్తీక పౌర్ణమి వచ్చింది. పొద్దున్న పదింటికల్లా మిషను ఇచ్చేసి రావాలి. మీనాకుమారి సొరుగులోంచి డబ్బా తీసి బ్యాగులో పెట్టుకుంది. తెరిచి చూడబుద్ధి కాలేదు. కాఫీ కలిపింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇదిగో జోగులూ, ఆఖరి కాఫీ. నీకు కాదులే, నీ మిషనుకి. ఇవాళ్టితో అది పోతుంది. ఇంక ఎప్పటికీ నేను ఊరంతా వినేట్టు అరవాలి. నాకూ అరవయ్యేళ్ళొచ్చాయి, గొంతు నెప్పెడుతుందయ్యా. బయల్దేరు మరి."

పేపరు వెనకనించి, తీరుబడిగా, "జోగులు రాడట" అని వినబడింది.

గ్లాసులో కాఫీ ఒలికింది.

"కాఫీ తాగి కొట్టుకెళ్తాడట."

ఆయన పేపరు మడిచి, మంకీ క్యాపు తీశారు. రెండు చెవుల వెనకా జీడిపప్పంత మిషన్లు. క్యాపు తీస్తూ ఉండగా కుడివైపుది సన్నగా కీచుమంది.

మీనాకుమారి క్యాపుకేసీ, చెవికేసీ, బియ్యం డబ్బా ఉన్న వంటింటికేసీ వరసగా చూసింది. బ్యాగులోంచి డబ్బా తీసి తెరిచింది. ఖాళీ.

"ఎన్నాళ్ళయింది?" అంది చివరికి.

"పదకొండు రోజులు. ఆ పొద్దున్న, ఇచ్చేసే ముందు ఇంకొక్కసారి చూద్దామని పెట్టుకున్నాను, నీ కంటబడకుండా పైన క్యాపు తగిలించాను. వెనకనించి జోగులూ అని వినబడింది. మా అమ్మనుకున్నాను." ఆయన క్యాపు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "నిజంగానేనే. లేచి నిలబడబోయాను. తీరా చూస్తే తరవాత ముక్క కాఫీ గురించి."

"వినేసి ఊరుకున్నారా! పదకొండు రోజులు! దొంగతనంగా!"

"ఏడేళ్ళు పిలిచినదానివి నువ్వు, పదకొండు రోజులు విన్నవాణ్ణి నేను. ఎవరు దొంగే? వినబడుతోందని చెబితే నువ్వు మానేస్తావు కదా. మా అమ్మ పోయాక ఆ పిలుపు పోయిందనుకున్నాను. ఇంట్లోనే ఉందని నాకేం తెలుసు?"

"అయితే అవన్నీ విన్నారా?"

"నా బట్టతల తోమని ఇత్తడి బిందెలా ఉందన్నావు. కొట్టుకెళ్ళకపోతే నీకు ఇంట్లో గాలాడ్డం లేదన్నావు. నా గురకకి లోడు గూడ్సన్నావు, అది బాగుంది. ఆవుకైనా సాయంత్రం విప్పుతారన్నావు." మడిచిన పేపరు పక్కన పెట్టారు. "నీ గొంతు మారలేదే. నాతో మాట్లాడేటప్పుడు అరుస్తావు కదా, అది వేరే ఎవరిదో. వినబడదనుకుని మాట్లాడితేనే, రేవు మెట్ల మీద కూర్చున్న పిల్ల గొంతు."

మీనాకుమారికి ఏడుపొచ్చింది, దాన్ని నవ్వుగా మార్చబోయింది, రెండూ సగంసగమే వచ్చాయి. కొంగుతో గ్లాసు అంచు తుడిచి ఆయన చేతికిచ్చింది.

"కొట్లో గంట మీటితే రేకు డబ్బాలాగే వినబడితే?"

"వినబడనీ. ఆ బీట గంట నిరంజన్ బల్ల కింద పెట్టాడు కదా, ముందు దాన్నే వింటాను. ఈ మిషన్లో చెడ్డ గంట ఎలా మోగుతుందో తెలిస్తే, మంచిదాన్ని పట్టుకోవచ్చు. నిన్న నువ్వు బజారుకెళ్ళాక మన దేవుడి గంట ఓ గంటసేపు విన్నాను. కాస్త వేరుగా ఉంది, అంతే. నాకు కొత్త, దానికి కాదు."

తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరికొచ్చారు. ఏడాది తరవాత మోకాళ్ళు కొట్టు దారి పట్టాయి. వెలుతురు తేటగా ఉంది. దూరంగా, గోదావరి మీద రైలెక్కింది. ఇద్దరూ ఆగారు.

"గూడ్సా?" అంది మీనాకుమారి, అరవకుండా.

ఆయన కళ్ళు మూసుకుని, చివరిదాకా విన్నారు. "తెలీలేదే. కొత్త బ్రిడ్జి కదా. నేర్చుకోవాలి."

గోడవతల రాజరత్నం గారి తల పైకి లేచింది. "ఏంటండీ మీనాకుమారి గారూ, పోట్లాడుకున్నారా? పొద్దున్నించీ మీ ఇంట్లోంచి ఒక్క మాటా వినబడలేదు!"

జోగేశ్వరరావు గారు ఉలిక్కిపడి, కుడి చెవి సర్దుకుని, భార్యతో మెల్లిగా, "ఈ మిషనుకి లోపం అంటూ ఉంటే ఇదొక్కటే" అన్నారు.

మీనాకుమారి ఆయన దగ్గరికి జరిగి, ఆ చెవి పక్కన ఏదో చెప్పింది. చివర జోగులూ అని ఉంది, అంతకన్నా మనకి అనవసరం. ఆయన నవ్వుకుంటూ గేటు తీసుకుని వెళ్ళిపోయారు.

"ఏంటీ? ఏమన్నారూ?" రాజరత్నం గారు మునివేళ్ళ మీద లేచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "కాస్త గట్టిగా చెప్పండీ, వినబళ్ళా!"